సూపర్ హీరో సీక్వెల్: శక్తి పెంచడమా, హీరోని మార్చడమా, అందర్నీ కలపడమా – ఏది మేలు?

మొదటి భాగం ఆడాక రెండో భాగం తీసేవాళ్లకి మూడు దారులు కనిపిస్తాయి. అదే లోకంలో శక్తిని పదింతలు పెంచడం ఒకటి. లోకాన్ని ఉంచి హీరోని మార్చడం రెండోది. ఉన్న హీరోలందర్నీ ఒకచోటికి చేర్చడం మూడోది. ‘హనుమాన్’ తర్వాత ప్రకటించిన ‘జై హనుమాన్’ మొదటి దారి పట్టింది. తెలుగులో ‘కొత్త లోక’గా వచ్చిన మలయాళ సినిమా రెండో అధ్యాయం రెండో దారిలో ఉంది. మార్వెల్ వారి ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ది మూడో దారి.

వీటిని తూచాలంటే, మొదటి భాగాల్లో మనకి కొత్తగా అనిపించింది ఏమిటో ముందు పట్టుకోవాలి. గ్రాఫిక్స్ అనేస్తాం గానీ అది సగమే నిజం.

2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’నే తీసుకోండి. రుధిరమణి అనే రాయి మీద ఎండ పడితేనే హీరో హనుమంతుకి (తేజ సజ్జా) బలం. ఈ ఒక్క షరతు స్క్రీన్‌ప్లేకి ఎంత పని చేసిపెట్టిందో చూడండి. మబ్బు పట్టినా, పొద్దు గూకినా, మణి చేజారినా ఆ కుర్రాడు మళ్లీ తన ఊరు అంజనాద్రిలో చిల్లర దొంగతనాలు చేసుకునేవాడే. ఫైట్ మొదలవక ముందే ప్రేక్షకుడు ఆకాశం వైపు చూస్తాడు. ఆ టెన్షన్‌కి గ్రాఫిక్స్ ఖర్చు లేదు. విలన్ మైఖేల్ సంగతి ఇంకా గమ్మత్తు: సూపర్ హీరోలంతా అనాథలే కాబట్టి తానూ హీరో కావాలంటే అమ్మానాన్నలు ఉండకూడదని చిన్నప్పుడే తేల్చేసుకుంటాడు. ఆ ఒక్క సీన్‌తో సినిమా తన జానర్‌నే వెక్కిరించింది.

2021 డిసెంబరు 24న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మిన్నల్ మురళి’ ఇంకో చిట్కా చూపించింది. ఒకే రాత్రి ఒక టైలర్ మీద, ఒక టీ కొట్టు పనివాడి మీద పిడుగు పడుతుంది. ఇద్దరికీ అదే శక్తి. కాబట్టి ఎవరి బలం ఎక్కువన్న ప్రశ్న పక్కకి పోయి, ఎవరికి ఏం కావాలన్నది మిగులుతుంది. టైలర్‌కి అమెరికా కావాలి, టీ కొట్టు శిబుకి ఏళ్ల తరబడి ప్రేమించిన మనిషి కావాలి. నిజం చెప్పాలంటే శిబు వైపే మనసు మొగ్గుతుంది. గురు సోమసుందరం నటన అలాంటిది.

కంటికి కనిపించే కొత్తదనానికి ఉదాహరణ 2018 నాటి ‘స్పైడర్-మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్-వర్స్’. సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో, ఇంకా పని నేర్చుకోని కొత్త స్పైడర్-మ్యాన్ మైల్స్‌ని చాలాచోట్ల 12 భంగిమలతోనే కదిలించారు. పక్కనే ఆరితేరిన పీటర్ 24తో జారిపోతుంటాడు. ఒకడి తడబాటు, ఇంకొకడి నేర్పు మాటలతో పని లేకుండా తెలుస్తాయి. అయితే ఈ రకం కొత్తదనానికి ఆయుష్షు తక్కువ, ఎందుకంటే ఏడాది తిరక్కుండా అందరూ అనుకరిస్తారు. అందుకే 2023 నాటి రెండో భాగంలో మైల్స్ స్నేహితురాలు గ్వెన్ లోకాన్ని నీటిరంగుల బొమ్మలా వేసి, ఆమె మనసు మారినప్పుడల్లా గోడల రంగు మార్చారు. కథని మాత్రం నడిమధ్యలో ఆపేశారు. 2024 మార్చికి రావాల్సిన మూడో భాగం 2027కి జరిగింది.

ఇక సీక్వెల్స్ దగ్గరికి వద్దాం. ‘జై హనుమాన్’లో రిషభ్ శెట్టి హనుమంతుడు. మనకి దగ్గరి కథ కాబట్టి దీని చిక్కు కొంచెం విడమరచాలి. మొదటి భాగంలో ఎండ అనే షరతు ఉంది. ఇక్కడ వచ్చేది చిరంజీవి అయిన హనుమంతుడే. చావు లేదు, అలసట లేదు, సముద్రమే అడ్డం కాలేదు. అలాంటి పాత్రని ఆపేదేముంది? ఈ చోట చాలామంది చేసే తప్పు విలన్‌ని పెంచడం. విలన్ పెరిగితే బిల్డింగులు పెరుగుతాయి, చివరి అరగంట దుమ్ములో కలిసిపోతుంది.

మందు మన కథల్లోనే ఉంది. మునుల శాపం వల్ల హనుమంతుడికి తన బలం తనకి గుర్తుండదు, ఇంకొకరు గుర్తుచేయాలి. సముద్రతీరంలో జాంబవంతుడు చేసింది అదే. రుధిరమణికి ఎండ ఎలాగో, ఇక్కడ ‘గుర్తుచేసేవాడు’ అలాగ. ఆ మనిషిని దూరం చేస్తే చాలు, కథలో ఉత్కంఠ పుడుతుంది. అంజనాద్రి హనుమంతునే ఆ జాంబవంతుడిగా నిలబెడితే తేజ సజ్జా పాత్రకీ పని దొరుకుతుంది. లేకపోతే మొదటి భాగంలోని అల్లరి, ఊరి వెటకారం పోయి, సినిమా పూర్తి భక్తి చిత్రమయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో దారి కూడా ఉంది. రాముడికి హనుమంతుడిచ్చిన మాట ఏమిటన్న ప్రశ్నతో మొదటి భాగం ముగిసింది. మాట అనగానే తెలుగువాళ్లకి రామాంజనేయ యుద్ధం గుర్తుకురావాలి. బాపు 1975లో సినిమాగా తీసిన కథే. విశ్వామిత్రుడికి ఇచ్చిన మాట కోసం రాముడు యయాతిని చంపాలి, తల్లి ఇచ్చిన అభయం కోసం ఆంజనేయుడు యయాతిని కాపాడాలి. కొండలు పెకిలించే బలం అక్కడ ఎందుకూ కొరగాదు. కొత్త సినిమాలోనూ ఇలా రెండు మాటలు ఎదురెదురు పడితే బాగుంటుందని నా ఊహ.

‘కొత్త లోక’ దారి వేరు. 2025 ఆగస్టులో వచ్చిన ఈ సినిమా సుమారు 30 కోట్ల బడ్జెట్‌తో తయారై 300 కోట్ల వసూళ్లు దాటినట్టు లెక్కలు వచ్చాయి. (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి.) కేరళ జానపదంలో మగవాళ్లని మాయచేసి నెత్తురు తాగే కళ్లియంకాట్టు నీలి అనే యక్షిని, బెంగళూరు ఫ్లాట్‌లో తలదాచుకున్న చంద్రగా మార్చారు. రెండో అధ్యాయం టొవినో థామస్ పోషించిన చాత్తన్‌ది. చాత్తన్ అంటే అల్లరి చేసే చిన్న దెయ్యం, కాబట్టి సినిమా రుచే భయం నుంచి కొంటెతనానికి మారే వీలుంది. పాత్ర పేరు మైఖేల్ అట. ‘హనుమాన్’లో విలన్, ఇక్కడ హీరో, పేరు మాత్రం అదే!

హీరో మారితే షరతులూ మారతాయి. ఇతనేం చేయలేడో మనం మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవాలి. పైగా సినిమా ఒక్క నటి డేట్ల మీద ఆధారపడదు. ‘కల్కి 2898 ఏడీ’ సుమతి కడుపులోని బిడ్డ చుట్టూ కథని కట్టి సగంలో ఆపింది. తర్వాత సుమతిగా నటించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాతలే ప్రకటించారు. కథ ఒక ముఖం మీద వేలాడితే వచ్చే ఇబ్బంది ఇదే. కాకపోతే చంద్రగా నటించిన కళ్యాణి ప్రియదర్శన్ కోసం టికెట్ కొనేవాళ్లకి ఆమెని చివర్లో రెండు నిమిషాలు చూపించి సరిపెడితే కోపం రావడం న్యాయమే. మొదటి అధ్యాయం చూడనివాడికి రెండోది అర్థం కాకపోతే ఈ దారి మూడో దారిలోకి జారినట్టే.

ఆ మూడో దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2008 ‘ఐరన్ మ్యాన్’ నుంచి 2012 ‘అవెంజర్స్’కి ముందు వరకు ఉన్నవి ఐదే సినిమాలు. అన్నీ చూసినవాళ్లకి ఆ కలయిక పండగైంది. ఇప్పుడు ‘డూమ్స్‌డే’కి ముందు పదుల సంఖ్యలో సినిమాలు, వాటి మీద సిరీస్‌లు, పరీక్షకి చదివినట్టు చదవాలి. ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్‌గా నటించిన రాబర్ట్ డౌనీ జూనియర్‌ని ఈసారి విలన్ డాక్టర్ డూమ్‌గా దించుతున్నారు. 2026 డిసెంబరు 18న మొదటి ఆటకి జనాన్ని తేవడానికి అది చాలు. కొత్తదనం కావాలంటే మాత్రం మాస్క్ వెనక టోనీ స్టార్క్ నీడ లేకుండా చూసుకోవాలి, అది తేలిక కాదు.

పెట్టుబడి పెట్టేవాళ్లు అడిగితే రెండో దారే మేలంటాను. ఖర్చు అదుపులో ఉంటుంది, ఒక అధ్యాయం పోయినా లోకం మిగులుతుంది. ప్రేక్షకుడిగా అడిగితే ‘జై హనుమాన్’ మీదే ఆశ ఎక్కువ. టీజర్‌లో కొండ ఎత్తే షాట్ ఎలాగూ ఉంటుంది. ఆ బలమంతా ఉండి కూడా అతను చేతులు ముడుచుకుని నిలబడాల్సి వచ్చిన షాట్ ఒక్కటైనా ఉందేమో, ముందు దాని కోసం వెతకండి.