1975 సెస్నా 172ఎం, అందులో మేం పెట్టించిన సామాను: నాలుగేళ్లు వాడాక నా మాట

2021 ఏప్రిల్‌లో నేనూ, ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఒకావిడా చెరిసగం వేసుకుని ఈ విమానం కొన్నాం. 78,000 డాలర్లు పడింది. మా ఇల్లు టెక్సస్‌లోని ఆలెన్‌లో. విమానం ఉండేది అక్కడికి ముప్పావుగంట దూరంలో, డెనిసన్ దగ్గరి నార్త్ టెక్సస్ రీజినల్ ఎయిర్‌పోర్టులో. ఒకప్పటి పెరిన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ అదే. ఇంటికి దగ్గర్లో ఎక్కడా హ్యాంగర్ ఖాళీ లేదన్నారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి అంత దూరం పోయాం. ఇప్పుడు దగ్గర్లో దొరికినా మారను. అక్కడ రద్దీ తక్కువ, రన్‌వే పొడుగు, మెకానిక్ మంచివాడు.

విమానం కొనాలనుకునే మనవాళ్లు నన్ను మొదట అడిగేది వీసా గురించే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర సొంత పేరు మీద రిజిస్టర్ చేయించుకోవాలంటే పౌరసత్వమైనా ఉండాలి, గ్రీన్ కార్డైనా ఉండాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకుని నేర్చుకోవచ్చు, లైసెన్సు వచ్చాక అద్దె విమానం నడుపుకోవచ్చు. సొంత పేరున కొనడం మాత్రం కుదరదు. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆరేళ్లు అద్దె విమానాలే నడిపాను. ఆ ఆరేళ్లలో ఏ విమానం నాకు కావాలో బాగా తెలిసింది.

172నే ఎందుకు కొన్నామంటే, ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువగా తయారైన విమానం ఇంకొకటి లేదు. 44,000కు పైనే చేశారు. ఏ చిన్న ఊళ్లో దిగినా దీన్ని విప్పి బిగించిన మెకానిక్ ఒకరుంటారు, పార్టు దొరుకుతుంది. మాది 172ఎం. 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 ఇంజిన్. రెండు రెక్కల్లో కలిపి వాడుకోవడానికి వచ్చే పెట్రోలు 38 గాలన్లు, గంటకు 8 గాలన్ల దాకా తాగుతుంది. 110 నాట్ల వేగం అనుకుని లెక్క వేసుకుంటే తప్పు పోదు.

సీట్లు నాలుగు ఉన్నాయని నలుగురూ ఎక్కొచ్చు అనుకోకండి. మొత్తం బరువు 2,300 పౌండ్లు దాటకూడదు. మా విమానం ఖాళీగా 1,432. ట్యాంకులు నింపితే పెట్రోలు 228. ఇక మిగిలేది 640 పౌండ్లు. నలుగురు పెద్దవాళ్లు, వాళ్ల బ్యాగులు అంటే అందులో పట్టవు. ఇండియా నుంచి చుట్టాలు వస్తే ఇద్దరిద్దరిని తిప్పుతాను. జూలై మధ్యాహ్నం ఎండకు గాలి పలచబడి విమానం బద్ధకంగా లేస్తుంది. ఆ నెలల్లో పొద్దున తొమ్మిదిలోపే ఎగిరి వచ్చేస్తాం.

కొనేముందు, అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌తో ఒకటిన్నర రోజు చూపించాం. ఆ డబ్బు దగ్గర పొదుపు చేయకండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ 80కి 74 నుంచి 77 మధ్య వచ్చింది, అంటే బాగున్నట్టే. 1975 నుంచి లాగ్‌బుక్కులన్నీ ఉన్నాయి. ఆయన మమ్మల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి చూపించింది మాత్రం సీటు పట్టాలు. పాత సెస్నాల్లో సీటు జారే పట్టాలకు చిల్లులుంటాయి, పిన్ను అందులో పడి సీటు నిలుస్తుంది. అరిగిన చిల్లులో పిన్ను సరిగా పడకపోతే, టేకాఫ్‌లో ముక్కు పైకి లేచినప్పుడు సీటు వెనక్కి జారుతుంది. చేతిలో ఉన్న యోక్‌ని, అంటే స్టీరింగ్‌ని, పట్టుకుని వేలాడతాం, ముక్కు ఇంకా లేస్తుంది. అందుకే ఎఫ్‌ఏఏ 2011-10-09 నంబరు ఆదేశం కింద 100 గంటలకో ఏడాదికో ఒకసారి వాటిని కొలిచి తీరాలి. మేం కుడి సీటు పట్టా ఒకటి మార్పించాకే డబ్బు కట్టాం. ఇప్పటికీ ప్రతిసారి ఇంజిన్ స్టార్ట్ చేసేముందు సీటును ముందుకీ వెనక్కీ గట్టిగా కుదిపి చూస్తాను.

ఇక పెట్టించిన సామాను సంగతి.

2021 అక్టోబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ నుంచి వస్తున్నాం. అక్కడి రన్‌వే పక్కనే హోటలు, డైనర్ ఉన్నాయి. మాలాంటివాళ్లు భోజనం వంకతో ఎగిరే ఊళ్లలో అదొకటి. సాయంత్రం, పడమట పొగమంచులాంటి దుమ్ము. రెక్కలు సమంగా ఉన్నాయని బయటి నేల చెబుతోంది, లోపల విమానం వాలు చూపించే గడియారం, యాటిట్యూడ్ ఇండికేటర్, మాత్రం కుడికి కొద్దిగా వాలినట్టు చూపిస్తోంది. రెండు నిమిషాలయ్యేసరికి ఇంకొంచెం. ఆ గడియారంలోని జైరో చక్రాన్ని తిప్పే వ్యాక్యూమ్ పంపు పోయింది. లోపలి జైరో మెల్లగా వేగం తగ్గుతూ, మెల్లగా తప్పు చూపిస్తూ పోతుంది. టక్కున ఆగిపోతే అంత భయం లేదు, తెలిసిపోతుంది. ఇది నమ్మించి పక్కకు తీసుకుపోతుంది. ఆ రోజు నేల కనిపిస్తోంది కాబట్టి సరిపోయింది. మబ్బులో ఉండి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

కొత్త పంపు వేయించి వదిలేయొచ్చు. మేం వ్యాక్యూమ్‌నే తీయించేసి, కరెంటుతో నడిచే చిన్న తెరలు, రెండు గార్మిన్ జీ5లు పెట్టించాం. పైన యాటిట్యూడ్, కింద హెడింగ్, అంటే ముక్కు ఏ దిక్కుకు ఉందో. మాలాంటి పాత విమానాల్లో పెట్టుకోవడానికి దీనికి 2016లో ఆమోదం వచ్చింది. తెర మూడున్నర అంగుళాలే, పాత గడియారం బొక్కలోనే కూర్చుంటుంది. ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. విమానం కరెంటు మొత్తం పోయినా పైదానికి సొంత బ్యాటరీ నాలుగు గంటల దాకా వస్తుంది. నాకున్న ఫిర్యాదు ఒక్కటే: అక్షరాలు చిన్నవి. నలభై దాటిన కళ్లకు, గాలి కుదుపుల్లో, వేగం అంకె పట్టుకోవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. కొనేముందు ఎవరి విమానంలోనైనా ఒకసారి కూర్చుని చూసుకోండి.

అదే పనిలో, మన జాడ రాడార్‌కు చెప్పే ట్రాన్స్‌పాండర్ కూడా మార్పించాం, జీటీఎక్స్ 345. 2020 జనవరి 1 నుంచి డాలస్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 నాటికల్ మైళ్లలో ఏడీఎస్-బీ, అంటే విమానం ఎక్కడుందో తనంతట తానే ప్రసారం చేసే ఏర్పాటు, లేకుండా తిరగకూడదు. మేముండేది ఆ వలయానికి బయట, కానీ మెకిన్నీకో డెంటన్‌కో పోవాలంటే లోపలికి రావాల్సిందే. కొన్నప్పుడు విమానంలో ఉన్న పరికరం రూలుకు సరిపోయేదే గానీ మన సంగతి పంపడమే, తిరిగి ఏమీ చూపించదు. దీనివల్ల చుట్టుపక్కల విమానాలు, వాతావరణం ఐప్యాడ్ మీదికి వస్తాయి, నెలనెలా చందా లేకుండా. ఒక జాగ్రత్త: అందులో కనిపించే వాన బొమ్మ కొన్ని నిమిషాల పాతది. ఆ ఊళ్లో వాన ఉందా అని చూసుకోవడానికి పనికొస్తుంది. ఉరుము మబ్బుల మధ్య సందు వెతుక్కోవడానికి వాడితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండు జీ5లు, ట్రాన్స్‌పాండర్, కూలీ కలిపి 17,400 డాలర్లు. మూడు వారాలన్నారు. పదకొండు వారాలు పట్టింది. షాపు పేరు రాయను. పని శుభ్రంగానే చేశారు, వైర్లు కట్టిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఫోన్ చేస్తే తప్ప కబురు లేదు. ఆ చలికాలమంతా మేం నేల మీదే ఉన్నాం. తెచ్చుకున్న వారానికి చీకటి పడ్డాక నావిగేషన్ లైట్లు వేస్తే హెడింగ్ ఒక్కసారిగా 14 డిగ్రీలు పక్కకు పోయింది. రెక్కలో పెట్టిన, దిక్కు కనిపెట్టే మాగ్నెటోమీటర్ పక్కనుంచే ఆ లైటు గ్రౌండ్ వైరు పోతోందట. మళ్లీ తీసుకెళ్తే డబ్బు తీసుకోకుండా సరిచేశారు. మీరు విమానం తీసుకునేటప్పుడు అక్కడే ఇంజిన్ ఆన్ చేయించి, ప్రతి లైటూ, ప్రతి స్విచ్చూ ఒక్కొక్కటే వేసి తీసి, హెడింగ్ కదులుతుందేమో చూడండి. చెక్కు ఆ తర్వాతే రాయండి.

ఇదంతా రాసి, నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. నాలుగేళ్లలో ఈ విమానంలోకి వచ్చిన వస్తువుల్లో నాకు అన్నిటికంటే విలువైనది 170 డాలర్ల కార్బన్ మోనాక్సైడ్ మీటర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాన్ని కొన్నది కూడా నా తెలివితో కాదు, విమానంలో సగం వాటా ఉన్న మా పార్ట్‌నర్, ఆ లెక్కల టీచరే, పట్టుబట్టారు.

ఇలాంటి చిన్న విమానాల్లో హీటర్ అంటే ఇంజిన్ పొగ గొట్టం మఫ్లర్ చుట్టూ ఒక రేకు డొప్ప. బయటి గాలి ఆ డొప్పలో వేడెక్కి లోపలికి వస్తుంది. మఫ్లర్‌కు పగులు పడితే పొగ అదే దారిలో వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మందకొడితనం వస్తాయి, పైకి పోయిన కొద్దీ ఆక్సిజన్ కూడా తక్కువే కాబట్టి ఇంకా తొందరగా. మెదడు మొద్దుబారుతోందని ఆ మెదడే కనిపెట్టాలి. 2019లో ఫుట్‌బాలర్ ఎమిలియానో సాలా చనిపోయిన విమాన ప్రమాదం తర్వాత ఆయన రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ స్థాయి 58 శాతం అని తేలింది. మీటర్లు తప్పనిసరి చేయమని ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2004లో ఒకసారి, 2022లో మరోసారి ఎఫ్‌ఏఏని అడిగింది.

2023 జనవరిలో నాన్న ఇక్కడే ఉన్నారు. ఆయన పికెట్ డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నా చిన్నప్పుడు బోయిన్‌పల్లిలో మా మిద్దె మీద నుంచి బేగంపేటలో దిగే విమానాలు కనిపించేవి. వాటి ఇంజిన్ చప్పుళ్ల తేడా నాకు చెప్పింది నాన్నే. ఆ రోజు ఆయన్ని కుడి సీట్లో కూర్చోబెట్టుకుని ఆర్డ్‌మోర్ వైపు బయల్దేరాను. బయట 2 డిగ్రీలు. హీటర్ పూర్తిగా లాగాను. పదిహేను నిమిషాలకు మీటర్ మీద 22 కనిపించింది, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 22 పాళ్ల గ్యాస్. నేల మీద టాక్సీ చేసేటప్పుడు కొంచెం వస్తుంది, తగ్గుతుందిలే అనుకున్నాను. 31. తర్వాత 38, అలారం మోగింది. హీటర్ మూసి, గాలి గొట్టాలు రెండూ తెరిచి, కిటికీ తీసి, వెనక్కి తిప్పాను. నాన్న శాలువా తల మీద కప్పుకుని, "ఏమైంది బిడ్డా?" అన్నారు. చెప్పాను. ఆయన ఇక మాట్లాడలేదు, దిగేదాకా ఆ మీటర్‌నే చూస్తూ అంకెలు పైకి చదివి చెప్పారు. 19. 11. 6.

ప్యానెల్ మీద పాత ఓనర్ అంటించిన చుక్క కార్డు ఒకటి ఉండేది, గ్యాస్ తగిలితే నల్లబడేది. ఆ రోజు అది రంగు మారినట్టు నాకు కనిపించలేదు. వెనక చూస్తే గడువు ఏడాది కిందటే అయిపోయింది. మీ విమానంలో అది ఉంటే దాన్ని నమ్ముకోకండి. గడువు ఉన్నా అది అరిచి చెప్పదు, మనం చూడాలి.

మర్నాడు మెకానిక్ ఇంజిన్ మీది మూత, కౌలింగ్, విప్పి, డొప్ప తీశారు. నాన్న టార్చి పట్టుకుని తొంగి చూశారు. ఆయనకు ఇంగ్లిష్ పెద్దగా రాదు, మెకానిక్‌కు తెలుగు రాదు. అతుకు పక్కన బూడిదరంగు చార మీద వేలు పెట్టి, "గిది లీకే బిడ్డా. మసి ఎట్ల గొట్టిందో జూడు. బస్సులకు గూడ గిట్లనే అయితది" అన్నారు. నేను తర్జుమా చేసేలోపే మెకానిక్ తల ఊపారు. పగులు అంగుళం కూడా లేదు. మఫ్లర్ విప్పి ఓవర్‌హాల్‌కు పంపి, తిరిగి బిగించేసరికి 1,150 డాలర్లు అయింది. అంతకు నాలుగు నెలల ముందే వార్షిక తనిఖీ పూర్తయింది, అప్పుడు ఏమీ లేదు. ఏ విమానంలోనైనా ఆ వేడికి మఫ్లర్ ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు.

మీటర్‌ను యోక్ పైన, రెండు సీట్లకూ కనిపించేలా పెట్టాం. సెన్సర్‌కు కూడా వయసు ఉంటుంది, గడువు తేదీ క్యాలెండర్లో రాసుకోండి. హెడ్‌సెట్ ఉంటే దాని చప్పుడు సరిగా వినపడదు, కాబట్టి వణికేదీ, లైటు మెరిసేదీ తీసుకోండి. అద్దె విమానాలు నడిపేవాళ్లు, నేర్చుకునే పిల్లలు కూడా ఒకటి సొంతంగా కొని సంచిలో వేసుకోండి.

ముందు సీట్లకు భుజాల మీదుగా వచ్చే రీల్ బెల్టులు కూడా వేయించాం. పాత బెల్టు భుజం పట్టీ తగిలిస్తే పెట్రోలు వాల్వు అందేది కాదు, అందుకని ఎవరూ తగిలించేవారు కాదు. ఇవి వచ్చాక అందరూ పెట్టుకుంటున్నారు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, వేయించండి.

ఇప్పుడు మా ఇద్దరి దగ్గర ఒక్క వస్తువుకు సరిపడా డబ్బు ఉంది. పార్ట్‌నర్‌కు ఆటోపైలట్ కావాలి. ఆవిడ ఒంటరిగా న్యూ మెక్సికోలో ఉన్న కూతురి దగ్గరికి పోతుంటారు, ఆవిడ కోరిక న్యాయమే. నేను మాత్రం నాలుగు సిలిండర్ల వేడినీ విడివిడిగా చూపించే ఇంజిన్ మానిటర్ అంటున్నాను. ఇప్పుడున్న ఒక్క ముల్లు ఒకే సిలిండర్ సంగతి చెబుతుంది, మిగతా మూడూ ఎలా ఉన్నాయో మాకు తెలియదు. పోయిన ఆదివారం హ్యాంగర్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం. ముందు మానిటర్, వచ్చే ఏడాది ఆటోపైలట్ అని తేల్చాం. ఈసారి వేరే షాపుకు ఇస్తున్నాం, తేదీ కాగితం మీద రాయించుకున్నాం.