కముండా ఎక్స్‌టర్నల్ టాస్క్: నాలుగేళ్లు వాడాక

మాది హైదరాబాద్‌లో టూవీలర్ లోన్లు ఇచ్చే ఓ చిన్న ఫైనాన్స్ కంపెనీ. అప్లికేషన్ వచ్చిన దగ్గర్నుంచి డీలర్ ఖాతాలో డబ్బు పడేదాకా ప్రాసెస్ అంతా కముండా 7 మీదే నడుస్తుంది. ఏ పని తర్వాత ఏది జరగాలో నడిపించే ఇంజిన్ అది. పాన్ చెక్, క్రెడిట్ స్కోర్, ఈ-సైన్, పేమెంట్, ఎస్సెమ్మెస్ అన్నీ బయటి అప్లికేషన్లే. ప్రాసెస్‌ని గీసుకునే బొమ్మని బీపీఎంఎన్ అంటారు. అందులో సాఫ్ట్‌వేర్ చేసే అడుగులైన సర్వీస్ టాస్క్‌లకు వీటిని కలపడానికి నాలుగేళ్లుగా ఎక్స్‌టర్నల్ టాస్క్ పద్ధతి వాడుతున్నాం. మొత్తానికి సంతోషంగానే ఉన్నాం. కానీ ఒక నెలాఖరు మాత్రం మర్చిపోలేను. అది తర్వాత చెప్తాను.

దానికి ముందు ఆరు నెలలు అందరిలాగే జావా డెలిగేట్లు రాశాం. అంటే ఇంజిన్ లోపలే మన కోడ్ నడుస్తుంది, అక్కణ్నుంచే బయటి అప్లికేషన్ ఏపీఐని (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) పిలుస్తుంది. రాయడం తేలిక. తిప్పలు తర్వాత తెలిశాయి. ఎస్సెమ్మెస్ టాస్క్ వెనకాలే పేమెంట్ టాస్క్ ఉండేది, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే డేటాబేస్‌లో నిలిస్తే రెండూ నిలుస్తాయి, రద్దయితే రెండూ రద్దవుతాయి. పేమెంట్ దగ్గర ఎర్రర్ వస్తే ఇంజిన్ ఎస్సెమ్మెస్ ముందు దాకా వెనక్కి వెళ్లి మళ్లీ మొదలెడుతుంది. డేటాబేస్ వెనక్కి వెళ్తుంది గానీ, వెళ్లిపోయిన మెసేజ్ వెనక్కి రాదు కదా. డిఫాల్ట్‌గా మూడు ప్రయత్నాలు. ఒకాయనకి "మీ లోన్ మంజూరైంది" అని మూడు మెసేజ్‌లు వెళ్లాయి, డబ్బు మాత్రం పడలేదు. ఆయన ఫోన్ చేసి, "మూడు బళ్లు ఇస్తున్నారా ఏంటండీ?" అని అడిగారు.

ఎక్స్‌టర్నల్ టాస్క్‌లో ఇంజిన్ ఎవరినీ పిలవదు. టిఫిన్ సెంటర్‌లో బిల్లు కొట్టగానే దోశ చీటీ పెనం దగ్గర పడుతుంది, పెనం దగ్గరున్నాయన తన చీటీ తనే తీసుకుంటాడు. ఇదీ అంతే. టాస్క్‌కి ఒక టాపిక్ పేరు పెడతాం, ఇంజిన్ తన టేబుల్లో ఒక వరుస రాసి ఆగిపోతుంది. అక్కడితో ట్రాన్సాక్షన్ కమిట్ అయిపోతుంది. మన వర్కర్, అంటే ఆ పని చేసే బయటి ప్రోగ్రామ్, ఇంజిన్ రెస్ట్ ఏపీఐలో 'ఫెచ్ అండ్ లాక్' కొట్టి తన టాపిక్ పనులు తెచ్చుకుంటాడు. కొంతసేపు వాటిని ఇంకెవరూ తీసుకోకుండా లాక్ పడుతుంది. పని చేసి 'కంప్లీట్' కొడతాడు. మూడు మెసేజ్‌ల గోల ఆ రోజుతో పోయింది.

ఇంకో లాభం మేం అనుకోకుండానే కలిసొచ్చింది. వర్కరే ఇంజిన్ దగ్గరికి వెళ్తాడు కాబట్టి, అకౌంట్స్ వాళ్ల పాత డాట్‌నెట్ సర్వర్‌లోకి బయట్నుంచి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. సెక్యూరిటీ టీమ్ మొదటి మీటింగ్‌లోనే ఓకే చెప్పిన డిజైన్ నా సర్వీసులో ఇదొక్కటే. స్కోరింగ్ కుర్రాళ్లు పైథాన్‌లో రాసుకున్నారు, మేం జావాలో. ఒకరి డిప్లాయ్‌మెంట్‌తో ఇంకొకరికి పనిలేదు.

ఇక ఆ నెలాఖరు. పేమెంట్ వర్కర్‌ని రెండు సర్వర్ల మీద నడుపుతున్నాం. వర్కర్ రాయడానికి కముండా ఇచ్చే జావా క్లయింట్‌లో లాక్ సమయం డిఫాల్ట్‌గా 20 సెకన్లు. బ్యాంక్ ఏపీఐ మూడు సెకన్లలో జవాబిస్తుంది. ఇంకేం, బోలెడు టైముందని దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఒక డీలర్ ఫోన్ చేసి, ఒకే బండికి రెండుసార్లు డబ్బు పడిందన్నారు. తర్వాత ఇంకొకరు. లాగ్స్ తీస్తే బ్యాంక్ ఎక్కడా ఆలస్యం చెయ్యలేదు. రాత్రి పదకొండింటికి గానీ సంగతి బుర్రకెక్కలేదు. క్లయింట్ ఒక్క ఫెచ్‌లో డిఫాల్ట్‌గా పది టాస్క్‌లు తెస్తుంది. పదింటికీ లాక్ గడియారం ఆ క్షణంలోనే మొదలవుతుంది. కానీ పని మాత్రం ఒకదాని తర్వాత ఒకటి. ఏడు పూర్తయ్యేసరికి 21 సెకన్లు. ఎనిమిదోది చేతికొచ్చేటప్పటికే దాని లాక్ చెల్లిపోయింది, రెండో సర్వర్ దాన్ని ఎత్తుకెళ్లింది. ఇద్దరూ డబ్బు పంపారు. మొదటివాడు 'కంప్లీట్' కొట్టబోతే "ఇది వేరే వర్కర్ లాక్‌లో ఉంది" అని ఎర్రర్ వచ్చింది. అది లాగ్‌లో నిక్షేపంగా ఉంది, చదివినవాడే లేడు. మామూలు రోజుల్లో క్యూలో ఒకటో రెండో ఉండేవి కాబట్టి అప్పటిదాకా ఇది బయటపడలేదు.

తప్పు మాదే. లాక్ అంటే ఒక్కసారే జరుగుతుందన్న హామీ అనుకున్నాం. అది గడువు మాత్రమే. ఇప్పుడు పేమెంట్‌కి ఒక ఫెచ్‌లో ఒక్కటే తెస్తాం, లాక్ మూడు నిమిషాలు. అంతకంటే ముఖ్యం, లోన్ నంబర్‌నే రిఫరెన్స్‌గా బ్యాంక్‌కి పంపిస్తున్నాం. అదే నంబర్ రెండోసారి వస్తే వాళ్ల దగ్గరే తిరస్కరణ అవుతుంది.

పని కుదరలేదని ఇంజిన్‌కి ఫెయిల్యూర్ పంపేటప్పుడు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇంకెన్ని ప్రయత్నాలు మిగిలాయో ఇంజిన్ లెక్కపెట్టదు, ఆ అంకె వర్కరే చెప్పాలి. సున్నా అని చెప్తే టాస్క్ ఆగిపోయి ఇన్సిడెంట్ పుడుతుంది, కముండా పర్యవేక్షణ పేజీ అయిన కాక్‌పిట్‌లో ఎర్రగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు ప్రతిసారీ "3" అనే పంపాడు. వారాంతమంతా ఒకే పాన్ నంబర్ చెక్ అవుతూనే ఉంది, ఒక్కో హిట్‌కీ బిల్లుతో సహా. అలాగే పాన్‌లో పేరు కలవకపోతే అది ఫెయిల్యూర్ కాదు, వ్యాపారంలో ఒక ఫలితం. దానికి బీపీఎంఎన్ ఎర్రర్ పంపి, బొమ్మలో టాస్క్ అంచున పెట్టే బౌండరీ ఈవెంట్‌తో వేరే దారి పట్టించాలి. ఈ తేడా మీద మా టీమ్‌లో రెండు వారాలు వాదులాట నడిచింది.

చిన్న చిన్నవి కొన్ని. లాంగ్ పోలింగ్ (పని వచ్చేదాకా ఇంజిన్ జవాబు ఆపి ఉంచడం) పెట్టుకోండి, లేకపోతే ఖాళీ క్యూ కోసం వర్కర్లు డేటాబేస్‌ని ఊరికే తడుతుంటారు. స్ట్రింగ్ వేరియబుల్‌కి 4000 అక్షరాలే హద్దు. క్రెడిట్ రిపోర్ట్ మొత్తాన్ని అందులో కుక్కకండి, మీ డేటాబేస్‌లో పెట్టుకుని నంబర్ ఒక్కటి ప్రాసెస్‌కి ఇవ్వండి. ఉచిత ఎడిషన్ కాక్‌పిట్‌లో ముగిసిన ప్రాసెస్‌ల చరిత్ర కనిపించదు, మేం రెస్ట్ ఏపీఐ మీద సొంతంగా ఒక పేజీ కట్టుకున్నాం. ఆగిపోయిన టాస్క్‌లన్నిటికీ ఒకేసారి రీట్రై అంకె పెంచే బటన్ కూడా అందులోనే పెట్టాం. ఆపరేషన్స్ వాళ్లు రోజూ వాడేది ఆ బటన్నే.

ఇవాళ కొత్తగా మొదలెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. కముండా 7 ఉచిత ఎడిషన్ 2025 అక్టోబర్‌లో వచ్చిన 7.24తో ఆగిపోయింది. కముండా 8లో సర్వీస్ టాస్క్‌లు ఎలాగూ బయటి వర్కర్లతోనే నడుస్తాయి, అంటే ఈ అలవాటు అక్కడా పనికొస్తుంది. కానీ 8.6 నుంచి సొంత సర్వర్ మీద ప్రొడక్షన్‌లో నడపాలంటే లైసెన్స్ కొనాలి. మాకంత బడ్జెట్ లేదు. అందుకే 7 కోడ్ నుంచి పుట్టిన ఓపెన్ సోర్స్ ఫోర్క్ ఆపరేటాన్‌ని టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూస్తున్నాం. పాన్, ఎస్సెమ్మెస్ వర్కర్లలో యూఆర్ఎల్ మార్చాం, నడుస్తున్నాయి. పేమెంట్ వర్కర్ జోలికి ఇంకా పోలేదు. నెలాఖరు దాటనివ్వమన్నారు మా మేనేజర్.