సి, పైథాన్, జావా, జావాస్క్రిప్ట్: మొదటి ప్రోగ్రామింగ్ భాషగా ఏది మేలు?

ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ హడావిడి ముగిశాయంటే చాలు, ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. "అన్నా, సి మొదలుపెట్టాల్నా, పైథాన్ మొదలుపెట్టాల్నా?" అనంతపురంలో ఎదురుపడి అడిగేవాళ్లు కొందరు, తాడిపత్రి నుంచో గుంతకల్లు నుంచో ఫోన్ చేసేవాళ్లు కొందరు. బెంగళూరులో ఉండే మామ జావా నేర్చుకోమన్నాడని ఇంకొకరు. ఎవరికి వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇలాంటి పోలికల్లో మామూలుగా మూడు విషయాలు చూస్తారు: ఉద్యోగాలు, ప్రోగ్రామ్ వేగం, నేర్చుకోవడం ఎంత సులువు అన్నది. ఇవి అవసరమే, కానీ నేను వీటిని రెండో వరసలో పెడతాను. మొదటి భాషకు అసలు పరీక్ష నా లెక్కలో ఒక్కటే: మీరు తప్పు రాసినప్పుడు ఆ భాష మీకు ఏం చెబుతుంది? కొత్తగా నేర్చుకునేవాళ్లు గంట కూర్చుంటే అందులో ఎక్కువ సేపు తప్పులు దిద్దుకోవడానికే పోతుంది. పెద్ద ఆఫీసులో అయితే పక్క సీట్లో ఉన్నవాళ్లను అడగొచ్చు. ఉరవకొండలోనో కల్యాణదుర్గంలోనో ఇంట్లో ఒక్కతే కూర్చుని నేర్చుకునే అమ్మాయికి రాత్రి పూట ప్రోగ్రామ్ ఆగిపోతే అడగడానికి ఎవరున్నారు? ఆ భాషే చెప్పాలి.

"ఇప్పుడు చాట్‌బాట్ ఉంది కదా" అంటారు. అడగండి, తప్పులేదు. కానీ తప్పు జరిగిందని తెలిస్తేనే కదా అడిగేది! ప్రోగ్రామ్ నడిచి, జవాబు వచ్చి, ఆ జవాబు తప్పయితే, కొత్తవాళ్లకు అనుమానం కూడా రాదు. నా భయమంతా ఈ మౌనంగా జరిగే తప్పుల గురించే. అందుకే నాలుగు భాషలనూ ఒకే చిన్న లెక్కతో చూద్దాం.

శనక్కాయల లెక్క తీసుకోండి. 8 క్వింటాళ్లు, క్వింటాలు 5000 రూపాయలు, దాని మీద హమాలీ, రవాణా ఖర్చు 500. గుణించడం, కూడడం, అంతే. జవాబు 40500 రావాలి.

ముందు సి. కొన్ని కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ 1990ల నాటి టర్బో సి నీలం తెర కనిపిస్తుంది. అందులో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే చోటు, 32767 దాటితే నిలవదు. 8ని 5000తో గుణించి చూడండి, మైనస్ 25536 అని చూపిస్తుంది. ఎర్రర్ రాదు. రైతుకు డబ్బు రావలసింది పోయి అతనే ఎదురు కట్టాలన్నట్టు జవాబు వస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే ముగుస్తుంది. కంపైలర్ అంటే మనం రాసినదాన్ని కంప్యూటర్ నడిపించే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్. ఇప్పటి జీసీసీ కంపైలర్‌లో ఈ తిప్పలు లేవు, 40000 అనే వస్తుంది. అక్కడ వేరే గుంతలున్నాయి. కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ (విలువ దాచే పేరు) ముందు & గుర్తు మరిచిపోతే ప్రోగ్రామ్ కంపైల్ అయిపోతుంది, నడిపించాక "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని రెండు ముక్కలు పడేసి చచ్చిపోతుంది. ఏ లైనులో, ఎందుకు అన్నది చెప్పదు. షరతు చూసే ఇఫ్‌లో, రెండు విలువలు సమానమా అని అడగడానికి రెండు సమాన గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెడితే అదీ చెల్లుతుంది. ఐదు గదుల అర్రేలో (విలువల వరసలో) ఆరో గదిలో విలువ రాసినా చాలాసార్లు ఊరకే ఉంటుంది, పక్కనున్న ఇంకేదో విలువ పాడవుతుంది.

ఇది సిలో లోపమని నేను అనను. డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో దీన్ని తయారుచేసింది యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోవడానికి. రాసేవాడికి తానేం చేస్తున్నాడో తెలుసు అన్న నమ్మకం మీద, అడుగడుగునా తనిఖీలు పెట్టి వేగం తగ్గించకూడదన్న ఉద్దేశంతో కట్టిన భాష. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్ చాలావరకు సిలోనే ఉంది. మనం మామూలుగా వాడే పైథాన్ కూడా లోపల సిలో రాసిందే. మెమరీ ఎలా పనిచేస్తుందో సి నేర్పినట్టు మరోటి నేర్పదు. కంప్యూటర్ సైన్స్‌లో దిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని శ్రద్ధగా చదవాల్సిందే. నా అభ్యంతరం మొదటి నెలకు మాత్రమే.

ఇప్పుడు పైథాన్. గీడో వాన్ రోసమ్ 1991లో దీన్ని బయటికి తెచ్చాడు. అంతకుముందు ఆయన నెదర్లాండ్స్‌లో ఏబీసీ అనే భాష మీద పనిచేశాడు, అది కొత్తవాళ్లకు నేర్పడం కోసం పుట్టినది. ఆ గుణం పైథాన్‌కూ వచ్చింది. కీబోర్డులో కొట్టిన విలువ పైథాన్‌కు ముందు పదంగానే అందుతుంది. శనక్కాయల లెక్కలో ఖర్చు 500ను అంకెగా మార్చకుండా పదంగానే వదిలేసి కూడబోతే పైథాన్ అక్కడికక్కడే ఆగి, పూర్ణాంకాన్నీ స్ట్రింగ్‌నూ (అక్షరాల వరసనూ) కూడలేనని, ఫలానా లైనులో అని చెబుతుంది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఈ సందేశాలు ఇంకా మెరుగుపడ్డాయి. టోటల్ అని రాయబోయి చివర ఒక ఎల్ ఎక్కువ కొడితే, ఆ పేరు లేదు, మీరు రాయాలనుకున్నది టోటలా అని అడుగుతుంది. బ్రాకెట్ మూయకపోతే ఏ బ్రాకెట్ మూయలేదో చూపిస్తుంది. ఇఫ్‌లో ఒకే సమాన గుర్తు పెడితే రెండు పెట్టాలేమో చూసుకోమంటుంది.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. సందేశం ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ మాటలు చిన్నవి, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. నేను అందరికీ ఒకటే చెబుతాను: ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడొద్దు, ముందు చివరి లైను చదవండి, తర్వాత పైకి వెళ్లి లైను నంబరు చూడండి. నోటుబుక్కులో ఆ సందేశం, పక్కన తెలుగులో దాని అర్థం రాసుకోండి. ఎక్కువగా ఎదురయ్యేవి గట్టిగా పదో పన్నెండో ఉంటాయి. అవి పట్టుబడితే అడగాల్సిన అవసరం చాలా తగ్గుతుంది.

పైథాన్ కూడా మౌనంగా ఉండే చోట్లున్నాయి, దాచడం న్యాయం కాదు. ధరను అంకెగా మార్చడం మరిచి 8తో గుణిస్తే 5000 అన్న పదాన్ని ఎనిమిదిసార్లు పక్కపక్కన పేర్చి చూపిస్తుంది. విలువ దాచేటప్పుడు పేరు తప్పు రాస్తే అడ్డుచెప్పకుండా కొత్త వేరియబుల్ తయారుచేసుకుంటుంది. ముందే ప్రకటించని పేరును సి, జావా ఒప్పుకోవు. ఈ ఒక్క విషయంలో అవే మేలు. అయినా అన్నీ కలిపి తూచితే నా త్రాసు పైథాన్ వైపే మొగ్గుతుంది.

జావాస్క్రిప్ట్‌కు ఒక గొప్ప సౌకర్యం ఉంది: ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్ చాలు, రాసింది వెంటనే తెర మీద కదులుతుంది. వెబ్‌సైట్లు చేయాలని గట్టి కోరిక ఉన్నవాళ్లకు ఆ ఉత్సాహం చిన్న విషయం కాదు. కానీ బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో తొలిరూపం కట్టిన ఈ భాషకు, ఎలాగోలా పని నడిపించడం ముఖ్యం. మన లెక్కను దీంట్లో ప్రాంప్ట్ (విలువ అడిగే చిన్న పెట్టె) పెట్టి చేయండి. అన్నీ పదాలుగానే వస్తాయి. గుణించేటప్పుడు తనే అంకెలుగా మార్చుకుని 40000 సరిగ్గా ఇస్తుంది. 500 కూడమంటే మాత్రం పక్కన అతికించి 40000500 అంటుంది. నాలుగు కోట్ల ఐదు వందలు! ఎక్కడా ఎర్రర్ లేదు. ఒకచోట మార్చి ఒకచోట మార్చకపోతే కొత్తవాళ్లకు నియమం ఎలా అర్థమవుతుంది?

జావా ఇందుకు పూర్తిగా వేరు, గట్టి క్రమశిక్షణ. చాలా తప్పులు నడవకముందే కంపైలర్ దగ్గర పట్టుబడతాయి, సందేశాలూ స్పష్టమే. చిక్కల్లా ఒక్క లైను ప్రింట్ చేయడానికి క్లాసు, పబ్లిక్, స్టాటిక్, వాయిడ్ అంటూ అర్థం కాని మాటలు బట్టీ పట్టి మొదలుపెట్టాలి. 2025లో వచ్చిన జావా 25లో ఆ తంతు తగ్గించారు, కాలేజీ పుస్తకాల్లోకి రావడానికి టైమ్ పడుతుంది. ఇంకొకటి, 450 మార్కులను 600తో భాగించి 100తో గుణిస్తే పర్సంటేజీ జావాలో సున్నా వస్తుంది, సిలోనూ అంతే. పూర్ణాంకాల భాగహారంలో దశాంశం ఎగిరిపోతుంది. పైథాన్, జావాస్క్రిప్ట్ 75 అనే చెబుతాయి.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆగిపోవద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో పైడ్రాయిడ్ 3 యాప్ వేసుకుంటే నెట్ లేకున్నా పైథాన్ నడుస్తుంది. చిన్న తెర మీద టైపింగ్ కష్టమే, కానీ మొదటి రెండు నెలల ప్రోగ్రాములు ఇరవై లైన్లు దాటవు. తక్కువ టైపింగ్‌తో పని అయ్యే భాష కావడం ఇక్కడ కలిసొస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో నాలుగింటికీ పని ఉంది. ఇంటర్వ్యూల్లో చూసేది లెక్కను విడదీసి ఆలోచించే తీరు, ఒక భాషలోనైనా చేయి తిరిగిందా లేదా అన్నది. మొదట నేర్చుకున్న భాషలోనే ఉద్యోగం చేయాలన్న నియమం లేదు. మామ జావా అన్నది తన ఆఫీసు అవసరం చూసి, అది రెండో భాషగా చక్కగా పనికొస్తుంది.

సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండులో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లకు పైథానే ఉంటుంది, వాళ్లకు ఈ ప్రశ్నే లేదు. సి++ గురించి అడిగేవాళ్లకు: కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ (కోడింగ్ పోటీలు) మీద మనసుంటే తర్వాత చూడండి. బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్ చిన్నపిల్లలకు బాగుంటుంది. హెచ్‌టీఎంఎల్ పేజీ కట్టడానికే, దానితో ప్రోగ్రామింగ్ రాదు. గో, రస్ట్ అనే భాషలు ఇప్పుడే వద్దు.

ఇంజినీరింగ్‌లో చేరబోయేవాళ్లకు నా సలహా ఇది. ప్రవేశ పరీక్షకూ కాలేజీ తెరవడానికీ మధ్య దొరికే నెలల్లో పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు, లిస్టుల వరకు చేయండి. కాలేజీలో మొదటి ఏడాది సి వచ్చినప్పుడు ఆలోచన అప్పటికే చేతికి వచ్చి ఉంటుంది, కొత్తగా పట్టాల్సింది పాయింటర్లూ (మెమరీలో చోటును చూపేవి), మెమరీ మాత్రమే. ఇప్పటికే సి మొదలుపెట్టి సగం దాకా వచ్చినవాళ్లు మధ్యలో వదిలి ఇటు దూకొద్దు. టర్బో సి పక్కన పెట్టి జీసీసీ వేసుకోండి, కంపైల్ చేసేటప్పుడు హైఫన్, పెద్ద డబ్ల్యు, పక్కన చిన్న అక్షరాల్లో ఆల్ అని (-Wall) కలపండి. పైన చెప్పిన & మరిచిపోవడం, ఒకే సమాన గుర్తు పెట్టడం, రెండింటికీ అప్పుడు అది లైను నంబరుతో హెచ్చరిక ఇస్తుంది.