ఇన్‌పుట్ తనిఖీకి రెగెక్సా, మార్పిడా? పైథాన్‌లో ఏది మేలు?

వాడుకరి పంపిన ప్రతి విలువా, అది తేదీ అయినా వయసు అయినా ఖాతా పేరు అయినా, ప్రోగ్రాము చేతికి మొదట అక్షరాల వరుసగానే, అంటే స్ట్రింగ్‌గానే, అందుతుంది. ఆ వరుసను స్వీకరించవచ్చునో లేదో తేల్చడానికి పైథాన్‌లో ప్రధానంగా రెండు దారులున్నాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, వాడుకలో చెప్పాలంటే రెగెక్స్‌తో, అక్షరాల ఆకారాన్ని పోల్చి చూడడం మొదటిది. ఆ అక్షరాలను నేరుగా సంఖ్యగానో తేదీగానో మార్చడానికి ప్రయత్నించి, మారకపోతే తిరస్కరించడం రెండవది. వీటిలో ఏది మేలన్నది ఒక్క విషయంపై ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం: ఆ అక్షరాల వెనుక వేరే విలువ ఏదైనా ఉన్నదా, లేక ఆ అక్షరాలే విలువా?

తేదీని తీసుకుందాం. నాలుగు అంకెలు, ఒక అడ్డగీత, రెండు అంకెలు, మరో అడ్డగీత, ఇంకో రెండు అంకెలు అని ప్యాటర్న్ (రెగెక్స్‌లో ఆకారాన్ని చెప్పే సూత్రం) రాస్తే 2023-02-30 హాయిగా లోపలికి వచ్చేస్తుంది. నెల 01 నుంచి 12 వరకు, రోజు 01 నుంచి 31 వరకు అని బిగించినా ఏప్రిల్ 31 మిగిలే ఉంటుంది. లీపు సంవత్సరాల లెక్క (1900 కాదు, 2000 అవును) కూడా రెగెక్స్‌లో ఇరికించవచ్చు. కాని అలా తయారైన ప్యాటర్న్‌ను ఆరు నెలల తరువాత రాసినవారే చదువుకోలేరు. డేట్ క్లాస్‌లోని ఫ్రమ్‌ఐసోఫార్మాట్ ఈ పనినంతా ఒక్క పంక్తిలో చేస్తుంది, లేని తేదీ ఇస్తే వాల్యూ ఎర్రర్ అనే తప్పు సందేశాన్ని లేవనెత్తుతుంది. కనుక తేదీ విషయంలో మార్పిడే మేలు.

అయితే మార్పిడి ఫంక్షన్లు మనం అనుకున్నదానికంటే ఉదారంగా ఉంటాయి. ఇదే ఫ్రమ్‌ఐసోఫార్మాట్ పైథాన్ 3.11 నుంచి అడ్డగీతలు లేని 20230228ని, వారం లెక్కలో రాసిన ఐసో (అంతర్జాతీయ ప్రమాణం) తేదీలను కూడా అంగీకరిస్తోంది. అంటే ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మార్చకుండా, భాష వెర్షన్ మార్చినందుకే తనిఖీ సడలిపోతుంది. తేదీలను చదివే స్ట్రప్‌టైమ్ ఫంక్షన్‌కు సంవత్సరం, నెల, రోజు అని ఫార్మాట్ ఇచ్చినా 2023-2-5ని కాదనదు. వచ్చిన స్ట్రింగ్‌ను అలాగే భద్రపరచి, తరువాత అక్షర క్రమంలో పేర్చే చోట ఈ తేడా తప్పక బాధిస్తుంది. మార్పిడి తరువాత ఆ తేదీ వస్తువునే, లేదా దాని నుంచి తిరిగి రాసిన స్ట్రింగ్‌నే భద్రపరిస్తే ఆ చిక్కు రాదు.

సంఖ్యల దగ్గర ఈ ఉదారత మరీ ఎక్కువ. పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్ ఫంక్షన్ ముందూ వెనుకా ఖాళీలున్న 42ను, ప్లస్ గుర్తున్న +42ను, పైథాన్ 3.6 నుంచి 1_000ను కూడా సంఖ్యగానే తీసుకుంటుంది. తెలుగు అంకెలలో ౪౨ అని రాసినా 42 అనే ఇస్తుంది, ఇది నాకు ముచ్చటగానే ఉంటుంది. ముచ్చట పడలేనిది దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ ఫంక్షన్ సంగతి. అది ‘నాన్’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలను కూడా చెల్లుబాటయ్యే ఇన్‌పుట్‌గా స్వీకరించి, ‘సంఖ్య కానిది’ అన్న ప్రత్యేక విలువను చేతిలో పెడుతుంది. ఆ విలువతో చేసిన పెద్ద, చిన్న పోలికలన్నీ అబద్ధమే అవుతాయి. అందువల్ల “సున్నా కంటే తక్కువైనా, వంద కంటే ఎక్కువైనా తిరస్కరించు” అని రాసిన షరతును అది ఏ అడ్డంకీ లేకుండా దాటిపోతుంది. అదే షరతును “సున్నాకూ వందకూ మధ్య ఉంటేనే స్వీకరించు” అని తిప్పి రాస్తే పట్టుబడుతుంది. ఇక్కడ మార్పిడికి ముందు అంకెలు, ఒక చుక్క తప్ప మరేదీ రానివ్వని చిన్న రెగెక్స్‌ను కాపలా పెట్టడం తెలివైన పని.

రెగెక్స్‌కు నిజంగా సొంతమైన చోటు గుర్తింపు కోడ్‌లు, ఖాతా పేర్లు, చిరునామా పట్టీలో కనిపించే పొట్టి పేర్లు, ఆరు అక్షరాల రంగు కోడ్‌లు. వీటిని మార్చి చూడడానికి వెనుక వేరే విలువ లేదు, అక్షరాలే సర్వస్వం. లూప్‌లు రాసి ఒక్కొక్క అక్షరాన్ని పరీక్షించేకంటే ఒక పంక్తి ప్యాటర్న్ స్పష్టంగా ఉంటుంది, తప్పులూ తక్కువ. తనిఖీ అంకె ఉన్న కోడ్‌లు మాత్రం వేరు: పుస్తకాల గుర్తింపు సంఖ్య అయిన పది అక్షరాల ఐఎస్‌బీఎన్‌కు ఆకారాన్ని రెగెక్స్ చూడగలదు కాని, చివరి అక్షరం మిగతా తొమ్మిదింటితో సరిపోతున్నదో లేదో కూడిక చేసే తేల్చాలి.

ఆ సొంత చోటులోనూ కాలు జారే మెట్లు కొన్ని ఉన్నాయి. పైథాన్ రెగెక్స్‌లోని మ్యాచ్ ఫంక్షన్ స్ట్రింగ్ మొదటి నుంచి పోలుస్తుంది కాని చివరి దాకా సరిపోవాలని పట్టుబట్టదు. సెర్చ్ ఫంక్షన్ మధ్యలో ఎక్కడ దొరికినా సరే అంటుంది. చివర $ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు కాని, పైథాన్‌లో ఆ గుర్తు స్ట్రింగ్ చివర ఉన్న ఒక కొత్త పంక్తి గుర్తుకు ముందు కూడా సరిపోతుంది. పైథాన్ 3.4లో వచ్చిన ఫుల్‌మ్యాచ్ ఈ రెండు చిక్కులనూ తీరుస్తుంది కనుక, తనిఖీకి అది తప్ప మరొకటి వాడవలసిన అవసరం నాకు కనిపించదు. రూబీ భాషలో పరిస్థితి ఇంకా జారుడు: అక్కడ ^, $ ఎప్పుడూ పంక్తి హద్దులనే చూస్తాయి, కనుక బహుళ పంక్తుల ఇన్‌పుట్‌లో ఒక్క పంక్తి సరిగా ఉన్నా తనిఖీ గట్టెక్కుతుంది.

అంకెకు సంకేతమైన ‘బ్యాక్‌స్లాష్ డి’ కూడా భాషను బట్టి మారుతుంది. జావాస్క్రిప్ట్‌లో అది 0 నుంచి 9 వరకే. పైథాన్ 3లో యూనికోడ్ దశాంశ అంకెలన్నిటికీ (తెలుగు అంకెలతో సహా) సరిపోతుంది. బ్రౌజర్‌లో ఒక తీరు, సర్వర్‌లో మరో తీరు కాకూడదంటే [0-9] అని విడమరచి రాయడమే క్షేమం. పదాక్షరానికి సంకేతమైన ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’తో తెలుగువారికి ఉన్న పేచీ ఇంతకంటే పెద్దది. పైథాన్ సొంత రెగెక్స్ మాడ్యూల్ గుణింతపు గుర్తులను పదాక్షరాలుగా లెక్కించదు. కనుక ‘తెలుగు’ అన్న మాటే ఆ ప్యాటర్న్‌తో చేసిన ఫుల్‌మ్యాచ్‌లో నెగ్గదు. మనుషుల పేర్లకు ఆ ప్యాటర్న్ పెట్టిన ఫారం మన లిపినే తిప్పి పంపుతుందన్నమాట. పేర్లకు నిడివి పరిమితి పెట్టి, నియంత్రణ అక్షరాలను అడ్డుకుని ఊరుకోవడం మేలు.

కాలం ఖర్చులో రెగెక్స్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. పైథాన్, పెర్ల్ వంటి భాషల ఇంజిన్లు సరిపోలనప్పుడు వెనక్కి వచ్చి మరో దారి ప్రయత్నిస్తాయి. ప్యాటర్న్‌లో పునరావృతాలు ఒకదానిపై ఒకటి పడితే ఆ దారుల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. కారణం, వరుసగా దాదాపు 20,000 ఖాళీలున్న ఒక పోస్టు, ఆ ఖాళీలను కత్తిరించడానికి రాసిన అమాయకమైన ప్యాటర్న్. 2019 జూలై 2న ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ సేవలు 27 నిమిషాలు స్తంభించడానికీ ఒక రెగెక్స్ నియమమే కారణం. మార్పిడికీ ఈ బెడద పూర్తిగా లేకపోలేదు: అతి పొడవైన అంకెల వరుసను సంఖ్యగా మార్చడం ఖరీదైన పని కనుకనే పైథాన్ 3.11 నుంచి ఇంట్ ఫంక్షన్ 4300 అంకెలు మించితే అప్రమేయంగా తిరస్కరిస్తోంది. ఏ దారి ఎంచుకున్నా నిడివి తనిఖీని అన్నిటికంటే ముందు పెట్టాలి.

పైడాంటిక్ వంటి పైథాన్ తనిఖీ లైబ్రరీలు రెండు దారులనూ ఒకచోట చేర్చి, ఏ గడిలో ఏమి తప్పో విడివిడిగా చెబుతాయి. గడులు నాలుగైదు దాటితే వాటినే వాడతాను. 2023లో వచ్చిన పైడాంటిక్ రెండవ వెర్షన్ అప్రమేయంగా రస్ట్ భాషలోని రెగెక్స్ ఇంజిన్‌ను వాడుతుంది కనుక పైన చెప్పిన దారుల విస్ఫోటం జరగదు, బదులుగా ముందుచూపు షరతులు (‘దీని తరువాత ఫలానాది ఉండాలి’ వంటివి) అందులో పనిచేయవు.

ఇక ఈమెయిల్ చిరునామా. దీనికి రెండు దారులూ పూర్తిగా సరిపోవు. ప్రమాణం అనుమతించే రూపాలన్నీ పట్టే ప్యాటర్న్ భయంకరంగా ఉంటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణం తన ఈమెయిల్ గడి కోసం ఇచ్చిన రెగెక్స్ సైతం ఈమెయిల్ రూపాన్ని నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రమాణం నుంచి తెలిసే పక్కకు జరిగింది. ‘ఎట్’ గుర్తుకు ఇరువైపులా ఏదో ఒకటి ఉన్నదా, మొత్తం నిడివి 254 అక్షరాలు మించలేదా అని చూసి, నిర్ధారణ లింకు పంపి ఆగడమే నేను చేసేది.