నికాన్ 200-500 లెన్స్‌తో ఆరేళ్లు: చిన్న పిట్టలకు ఎఫ్/5.6 సరిపోతుందా?

2018 చివర్లో ఈ లెన్స్ కొన్నప్పుడు నాకున్న టెన్షన్ ఒక్కటే, ఎఫ్/5.6 చాలుతుందా అని. ఎఫ్/ పక్కనుండే అంకె అపర్చర్‌ది, అంటే లెన్స్ లోపలి రంధ్రానిది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుతురూ వెనకాల మసకా ఎక్కువ. ఎఫ్/4 ప్రైమ్ లెన్స్‌లు (జూమ్ లేనివి) వాడేవాళ్ల ఫొటోల్లో పిట్ట వెనకాల ఆకులూ కొమ్మలూ అన్నీ కరిగిపోయి ఒకే రంగుగా కనిపిస్తాయి. అవి కొనే స్థోమత నాకు లేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, హైదరాబాద్ కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో ఆరేళ్లకు పైగా తిరిగాక ఇప్పుడు నా జవాబు వేరు. తేనెపిట్టలకు, దర్జీ పిట్టలకు నేను ఉన్న 5.6ను కూడా పూర్తిగా వాడను. ఎక్కువ ఫొటోలు ఎఫ్/8 దగ్గరే తీస్తాను.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. నా కెమెరా నికాన్ డి500, అంటే డీఎక్స్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది). జూమ్‌ను 500 ఎంఎం దగ్గర పెట్టి, ఎఫ్/5.6తో, ఆరు మీటర్ల దూరంలో ఉన్న పిట్టను ఫోకస్ చేస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు మూడు సెంటీమీటర్లు. నాలుగు మీటర్లకు దగ్గరైతే అది సెంటీమీటరున్నరకు కూడా రాదు. ఊదా తేనెపిట్ట మొత్తం పొడవు పది సెంటీమీటర్లు, అందులో ముక్కే సుమారు రెండు సెంటీమీటర్లు. అది నేరుగా మనవైపు చూస్తుంటే కన్ను స్పష్టంగా వచ్చినప్పుడు ముక్కు కొస పోతుంది, ముక్కు కొస వస్తే కన్ను పోతుంది. మొదటి ఏడాది నా హార్డ్ డిస్క్ నిండా ఇలాంటి ఫొటోలే. లెన్స్ షార్ప్‌గా లేదేమో అని చాలాకాలం అనుమానించాను. అసలు కారణం ఈ లోతు, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, చాలకపోవడమే అని అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది.

అదే నాలుగు మీటర్ల దగ్గర ఎఫ్/8 పెడితే లోతు సుమారు 18 మిల్లీమీటర్లు, ఎఫ్/11 పెడితే 25 వరకు వస్తుంది. ఎఫ్/11 దాటి నేను వెళ్లను. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఈకల్లోని సన్న గీతలు మెత్తబడటం ఈ సెన్సర్ మీద కనిపిస్తుంది, పైగా వెలుతురు కూడా చాలదు.

ఇంకొకటి కూడా చేసి చూశాను. లోతు పెరుగుతుంది కదా అని జూమ్‌ను 300కు తగ్గించి తీశాను. పిట్ట చిన్నదైపోయింది. కంప్యూటర్‌లో క్రాప్ చేసి మునుపటి సైజుకు తెచ్చేసరికి పెరిగిన లోతులో చాలా భాగం మళ్లీ పోయింది, వివరాలు కూడా తగ్గాయి. ఫ్రేములో పిట్ట ఎంత పెద్దగా ఉందన్నదాన్ని బట్టే లోతు ఎక్కువగా మారుతుంది. అందుకే ఇప్పుడు 500 దగ్గరే ఉంచి, మరీ దగ్గరికి పోకుండా, పిట్ట చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీస్తున్నాను.

మరి వెనకాల మెత్తగా ఎలా వస్తుంది? ఈ సంగతి నాకు ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. పిట్ట ఐదు మీటర్ల దూరంలో ఉందనుకోండి. దాని వెనక పొద ఒక్క మీటరు అవతల ఉంటే వచ్చే మసక కన్నా, పదిహేను మీటర్ల అవతల ఉంటే వచ్చే మసక నాలుగున్నర రెట్లు ఎక్కువ. 5.6 నుంచి 8కి మారితే పోయేది సుమారు 30 శాతమే. అంటే రెండడుగులు పక్కకు జరిగి, పిట్ట వెనక దూరపు లోయ వచ్చేలా నిలబడటం ఏ ఖరీదైన అపర్చర్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఆకులు రాల్చి పూసిన మోదుగ, బూరుగు చెట్లు నాకు ఇందుకే ఇష్టం. పూల మీద తేనెపిట్టలు వాలతాయి, వెనకాల అడ్డంగా ఏమీ ఉండదు.

పిట్ట పక్కవాటుగా కూర్చునేదాకా ఆగడం కూడా అలవాటైంది. ముక్కు, కన్ను, తోక ఒకే తలంలోకి వస్తే ఎఫ్/5.6 కూడా సరిపోతుంది. పిగిలిపిట్టలు, నలంచి లాంటివి కాసేపు నిలకడగా కూర్చుంటాయి కాబట్టి ఆ అవకాశం ఇస్తాయి. దర్జీ పిట్ట ఇవ్వదు, దానికి ఎఫ్/8 తప్పదు.

ఇక వాడకం విషయానికొస్తే, లెన్స్ బరువు కాలర్‌తో కలిపి 2.3 కిలోలు. డి500తో కలిపితే మూడు కిలోలు దాటుతుంది. మోనోపాడ్ లేకుండా గంటకు మించి నేను పట్టుకోలేను. జూమ్ రింగ్‌ను 200 నుంచి 500కు తిప్పడానికి చేయి రెండుసార్లు మార్చుకోవాలి, కానీ పిట్టలకు ఎప్పుడూ 500లోనే ఉంచుతాను కాబట్టి నాకది అడ్డు కాలేదు. 2.2 మీటర్ల దాకా దగ్గరగా ఫోకస్ కావడం చాలా బాగుంది.

వ్యూఫైండర్‌లో మనకు కనిపించేది ఎప్పుడూ ఎఫ్/5.6 దృశ్యమే. కెమెరా ముందున్న పీవీ బటన్ నొక్కితే ఎఫ్/8లో నిజంగా ఎలా వస్తుందో కనిపిస్తుంది. ఖాళీ కొమ్మ మీద ఫోకస్ పెట్టి ముందే ఇలా చూసుకుంటే, వెనక ఏ పుల్ల గీతలా అడ్డొస్తుందో తెలిసిపోతుంది. ఫోకస్ ఏఎఫ్-సీలోనే (ఆగకుండా ఫోకస్‌ను సరిచేసుకుంటూ ఉండే మోడ్), ఒక్క పాయింట్‌తో, కంటి మీద. ఒకసారి ఫోకస్ లాక్ చేసి వదిలేస్తే, ఊపిరి పీల్చేటప్పుడు మన శరీరం రెండు సెంటీమీటర్లు ఊగినా ఆ లోతు కాస్తా దాటిపోతుంది. షటర్ వేగం 1/1000 సెకనుకు తగ్గకుండా చూస్తాను. తెల్లవారుజామున ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 దాకా వెళ్తుంది. దానివల్ల ఫొటోలో వచ్చే గరుకుదనం, అంటే నాయిస్, నాకు సమ్మతమే, పోయిన కన్ను మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిగ్గా తిరిగి రాదు.

గూళ్ల దగ్గర నేను తీయను. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను దగ్గరికి రప్పించను. అది తన తిండి వదిలి, మరో పిట్ట వచ్చిందనుకుని కంగారుగా వెతుక్కుంటుంది. చూస్తుంటే మనసొప్పదు.

డి500 తయారీ 2022లోనే ఆగిపోయింది, నా కెమెరా కూడా పాతబడింది. మార్చేదేమైనా ఉంటే బాడీనే మారుస్తాను. లెన్స్ మాత్రం ఉంచుకుంటాను. పోయిన ఫిబ్రవరిలో అనంతగిరిలో మోదుగ కొమ్మ మీద మగ తేనెపిట్ట తీశాను: 500 ఎంఎం, ఎఫ్/8, 1/1250, ఐఎస్ఓ 1600. ముక్కు మీద అంటిన పుప్పొడి దగ్గర్నుంచి తోక దాకా అంతా స్పష్టంగా ఉంది, వెనకాల లోయ మొత్తం బూడిదరంగు పొగమంచు.