కర్నూలులో ఒక బ్లడ్ బ్యాంకు: అడిగే ప్రశ్న మంచిదే, అడిగే చోటే బాలేదు

మా పక్కింటి పిల్లోడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, రక్తంలోంచి ప్లేట్‌లెట్లు మాత్రమే వేరు చేసే మెషిన్ మీద ఇచ్చి వద్దామని నేనూ మా మరిదీ కర్నూలులో ఒక ప్రైవేటు బ్లడ్ బ్యాంకుకు పోయినాం. పేరు రాయడం లేదు.

ఫారం నింపాక కౌంటర్‌లో అమ్మాయి, "అక్కా, ఎన్ని కాన్పులు? అబార్షన్లు ఏమన్నా అయినాయా?" అని అడిగింది. మూడు కాన్పులు, మధ్యలో ఒకటి నిలవలేదని చెప్పినా. "అయితే ప్లేట్‌లెట్లు మీ మరిదివి తీసుకుంటాం, మీరు మామూలుగా రక్తం ఇవ్వండి" అంది. ఎందుకని అడిగితే డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. నాకు అన్నింటికంటే నచ్చింది అదే.

కడుపులో బిడ్డకు తండ్రి పోలికలు కొన్ని రక్తకణాల మీద కూడా వస్తాయి. తల్లి ఒళ్లు వాటిని పరాయివనుకుని యాంటీబాడీలు తయారు చేసుకోవచ్చు. అందరు తల్లులకూ ఉండవు, కాన్పులు పెరిగేకొద్దీ ఉండే అవకాశం ఎక్కువ. నిలవని గర్భమూ లెక్కలోకే వస్తుంది. మనకు వాటితో ఇబ్బంది లేదు. కానీ మన ప్లాస్మాతో (కణాలు తీసేస్తే రక్తంలో మిగిలే నీరు లాంటి భాగం) పేషెంట్ ఒంట్లోకి పోతే అక్కడి తెల్లకణాలను రెచ్చగొట్టి, ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. లోపల నీరు చేరి, ఎక్కించిన 6 గంటల్లోపే ఆయాసం మొదలవుతుంది. దీన్ని ట్రాలీ (TRALI) అంటారు. అరుదే, కానీ ప్రాణాంతకం. ప్రత్యేకంగా మందు లేదు, ఆక్సిజనో వెంటిలేటరో పెట్టి కాపాడుకోవాలి. ప్లాస్మా, ప్లేట్‌లెట్ల బ్యాగుల్లో ప్లాస్మా ఎక్కువ కాబట్టి దాత దగ్గరే జాగ్రత్త పడతారు. బ్రిటన్ 2003 నుంచి ప్లాస్మాకు మగ దాతల వైపు మళ్లింది, ఈ కేసులు బాగా తగ్గాయి. అమెరికాలో ఏఏబీబీ అనే బ్లడ్ బ్యాంకుల సంఘం 2014లో ప్లాస్మా దాతలకు నియమమే పెట్టింది: మగవాళ్లు, ఎప్పుడూ గర్భం రాని ఆడవాళ్లు, లేదంటే పరీక్షలో ఈ యాంటీబాడీలు లేవని తేలినవాళ్లు.

నా హిమోగ్లోబిన్ 12.8 వచ్చింది, 12.5 ఉంటే చాలు. నా ఎర్రకణాలు పేషెంట్లకు, ప్లాస్మా మాత్రం ఆల్బుమిన్ లాంటి మందుల తయారీకి పంపిస్తామన్నారు. సూది గుచ్చిన టెక్నీషియన్ చెయ్యి చాలా నెమ్మది. కుర్చీలు శుభ్రం. తర్వాత జ్యూస్, బిస్కెట్లు ఇచ్చి కాసేపు కదలనివ్వలేదు.

ఇంత తెలిసినవాళ్లు ఆ ప్రశ్న మాత్రం నలుగురిలో అడుగుతున్నారు. నా ముందు వరసలో చిన్న వయసు పిల్ల ఒకతి, పక్కనే అత్తగారు. అబార్షన్ మాట రాగానే ఆ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అత్త మొహం చూసి, "ఏం లేవు" అంది. నిజమే అయ్యుండొచ్చు. కానీ అక్కడ ఏ ఆడమనిషైనా అదే చెబుతుంది. ఈ జాగ్రత్తంతా దాత నోటి మాట మీదే నిలబడింది, ఆ నోరు తెరుచుకునే వీలు లేకపోతే ఎట్లా? డాక్టరమ్మ గది పక్కనే ఖాళీగా ఉంది. తలుపేసి అక్కడ అడిగితే పైసా ఖర్చు లేదు. ఫీడ్‌బ్యాక్ పుస్తకంలోనూ ఇదే రాసి సంతకం పెట్టొచ్చినా.

సర్వీసుకు 5కి 4 ఇస్తా. పోయే ఆడవాళ్లు గర్భాల సంగతి అడగకపోయినా చెప్పండి, బయట ఇబ్బందైతే డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడగండి. ఎప్పుడో అయిన గర్భాల వల్ల రక్తం వద్దని వెనక్కి పంపరు. ఆడవాళ్లకు రెండు దానాల మధ్య 120 రోజులు ఉండాలి, మగవాళ్లకు 90.