బౌసర్ బాంబ్: తగిలినప్పటికన్నా తగులుతుందేమో అన్నప్పుడే ఎక్కువ పనికొచ్చే గుద్దు

దిమ్మిసతో నేల గట్టిపరిచేటోళ్లను చూస్తే ఈ మూవ్ సగం అర్థమైపోతుంది. దిమ్మిస పైకి లేవడానికి టైం పడుతుంది, పడటానికి పట్టదు. పడ్డాక మళ్లీ ఎత్తేదాకా మనిషి వంగే ఉంటాడు, ఆ లోపు వెనక నుంచి ఎవడొచ్చినా ఏం చేయలేడు. నింటెండో పాత్రలు కొట్టుకునే సూపర్ స్మాష్ బ్రదర్స్ ఆటల్లో మారియో శత్రువు బౌసర్ డౌన్ స్పెషల్, అదే బౌసర్ బాంబ్, అచ్చం ఇంతే. హన్మకొండ, కాజీపేటల్లో సెలవు దినాల్లో కూడి ఆడేటోళ్లం ఈ వరసలో స్విచ్ కన్సోల్ ఆట అల్టిమేట్ వచ్చిన 2018 డిసెంబర్ కాడి నుంచి దీన్ని కొడుతూ, తింటూ వస్తున్నాం. 2021 చివర్లో వచ్చిన 13.0.1 అప్‌డేట్ తర్వాత ఫైటర్ల బలాబలాల్లో మార్పు రాలేదు కాబట్టి ఇక్కడ రాసింది ఈ రోజు ఆట పెట్టినా చెల్లుతుంది.

నేల మీద నిలబడి స్టిక్ కిందికి నొక్కి బీ కొడితే బౌసర్ ముందు కొమ్ములతో పైకి ఎగురుతాడు. ఆ కొమ్ములు తగిలితే 4 శాతం డ్యామేజ్ (ఇది ఎంత పెరిగితే దెబ్బకు అంత దూరం ఎగిరిపోతారు). ఎదుటివైపు వంపు తిరిగి పైకెళ్లి, పిరుదులు కిందికి పెట్టి పడతాడు. పడే ఒంటి కింద దొరికితే 20 శాతం, నేలకు తాకినప్పుడు పక్కనున్నోడికి తగిలే అదురు 11 శాతం. గాల్లో ఉండి నొక్కితే కొమ్ముల దెబ్బ లేదు, వంపు లేదు. ఒక క్షణం ఆగి నిలువునా కిందికే. ఐటెమ్‌లు లేకుండా ఇద్దరే ఆడే పోటీలో అల్టిమేట్ ప్రతి దెబ్బనూ 1.2 రెట్లు చేస్తుంది, ఈమధ్య వాడని మూవ్‌కు ఇంకో 1.05 రెట్లు కలుపుతుంది. అంటే ఆ 20 శాతం 25 దాటుతుంది. ఒక్క గుద్దుకు ఇది చిన్న లెక్క కాదు.

ఈ గుద్దు పుట్టింది 1988లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3 చివరి పోరులో. అక్కడ బౌసర్ మారియో మీదికి ఎగిరి దూకుతూ తన కింది ఇటుకలు తానే పగలగొట్టుకుని పడిపోతాడు. స్మాష్ వరసలోకి 2001 ఆట మెలీతో వచ్చింది. 2008 బ్రాల్‌లో కొమ్ముల దెబ్బ చేరింది. 2014 ఆటలో కస్టమ్ మూవ్‌లు (అసలు మూవ్‌కు బదులు ఎంచుకునే రకాలు) ఉండేవి కాబట్టి దీనికి గాలి తోసే రకం ఒకటి, జారగొట్టే రకం ఒకటి దొరికేవి. అల్టిమేట్‌లో కస్టమ్‌లనే తీసేశారు. ఆ రెండూ పోయినందుకు పెద్ద బాధేం లేదు, అసలుదే మేలు.

ఇక అసలు సంగతి షీల్డ్, అంటే దెబ్బ కాచుకోవడానికి బటన్ నొక్కి చుట్టూ తెచ్చుకునే బుడగ. కొత్తగా బౌసర్ పట్టినోళ్లు దీన్ని చంపే దెబ్బ అనుకుంటారు. కళ్లు తెరిచి ఆడేటోడికి ఈ గుద్దు నేరుగా తగలడం అరుదు. గాల్లోంచి నొక్కితే దెబ్బ మొదలవడానికే దాదాపు అర సెకను పడుతుంది, అంతసేపటికి ఎదుటోడు పక్కకు దొర్లి, నిలబడి, మీకోసం కాచుకుని ఉంటాడు. దీని విలువంతా షీల్డ్ పట్టుకుని కూర్చున్నోడి మీదే.

లెక్క ఇట్ల చూడండి. అల్టిమేట్‌లో నిండు షీల్డ్ బలం 50. షీల్డ్ నొక్కి ఉంచితే ఊరికే ఫ్రేముకు (సెకనులో 60వ వంతు) 0.15 చొప్పున, అంటే సెకనుకు 9 కరిగిపోతుంది. వదిలేస్తే ఫ్రేముకు 0.08 చొప్పునే తిరిగొస్తుంది, సెకనుకు 4.8. పోయేది వేగంగా, వచ్చేది మెల్లగా. పడే ఒళ్లు 20, నేల అదురు 11 కలిపితే 31 అవుతుంది, 50కి చాలదు. కానీ ఈ మూవ్‌కు షీల్డ్ మీద అదనపు నష్టం పెట్టారు. అందుకే ఒళ్లూ అదురూ రెండూ వెంటవెంటనే షీల్డ్‌కు తగిలితే నిండు షీల్డ్ కూడా పగులుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు: రెండూ తగలాలి. పక్కన పడి అదురొక్కటే తగిలితే షీల్డ్ సన్నబడి నిలబడుతుంది, మీరు నేల మీద ఇరుక్కుని ఉంటారు, ఎదుటోడు తనకు నచ్చిన స్మాష్ (చార్జ్ చేసి కొట్టే బలమైన దెబ్బ) వేసుకుంటాడు. అందుకని గురి ఎప్పుడూ ఎదుటోడి నెత్తి మీద, ముందర కాదు.

ఇంకో వివరం. ముందే షీల్డ్ కొంత అరిగి ఉంటే అదురొక్కటి చాలే సందర్భాలు కూడా వస్తాయి. షీల్డ్ బుడగ సైజు చూడటం అలవాటు చేసుకోండి. కాలి కొసలు, తల బయటికి కనిపించేంత చిన్నగా అయ్యిందంటే నొక్కొచ్చు. పంజాతో, నిప్పుతో రెండు మూడుసార్లు షీల్డ్ అరగదీసి, ఎదుటోడు భయపడి మళ్లీ షీల్డ్‌లోకే ముడుచుకున్నప్పుడు కొట్టే బౌసర్ బాంబ్, ఊరికే పరుగెత్తుకొచ్చి కొట్టే పది బాంబ్‌లకు సమానం.

షీల్డ్ పగిలాక ఎదుటోడు పైకి ఎగిరి పడి తూలుతూ నిలబడతాడు. డ్యామేజ్ తక్కువున్నోడే ఎక్కువసేపు తూలుతాడు, 150 దాటినోడు త్వరగా తేరుకుంటాడు. బటన్లు గబగబా నొక్కినా టైం తగ్గుతుంది. తక్కువ శాతం వాడైతే కాళ్లతో తన్నే ఫార్వర్డ్ స్మాష్‌ను నిండుగా చార్జ్ చేయండి. నిండు చార్జ్‌కు 60 ఫ్రేములు, అంటే ఒక్క సెకను; బలం 1.4 రెట్లు. తొందరపడి సగంలో వదలొద్దు, అంత గోసపడి షీల్డ్ పగలగొట్టింది ఆ సెకను కోసమే. ఎక్కువ శాతం వాడికి చార్జ్ లేకుండానే సరిపోతుంది, ఆగితే తేరుకుంటాడు. జిగ్లీపఫ్ అనే పాత్ర ఎదురైతే ఇవేవీ అక్కర్లేదు, షీల్డ్ పగిలితే దాని పాటికి అదే పైకప్పు దాటి పోతుంది.

షీల్డ్‌ను చివరి క్షణంలో వదిలి, దెబ్బ కాచి వెంటనే తిరిగి కొట్టే వీలిచ్చే పెర్ఫెక్ట్ షీల్డ్ పట్టేటోడి ముందు మాత్రం ఇది పెద్ద ప్రమాదం. దానికి 5 ఫ్రేముల కిటికీ ఉంటుంది. బౌసర్ పైకెళ్లి కిందికొచ్చేంత టైంలో ఆ కిటికీ పట్టుకోవడం ఓపికున్నోడికి కష్టం కాదు. ఒకసారి పట్టాడంటే ఆ స్టాక్‌లో (ఆ ప్రాణం ఉన్నంతసేపు) మళ్లీ నొక్కకండి.

వాడకంలో మాకు నిలిచిన పద్ధతి: స్టాక్‌కు ఒకటి, మహా అయితే రెండు. అది తగిలినా తగలకపోయినా ఎదుటోడి బుర్రలో ఉండిపోతుంది. తర్వాత వాడు షీల్డ్ పట్టడానికి జంకుతాడు, ఎగురుతాడు, దొర్లుతాడు. అక్కడ బౌసర్‌కు పట్టుకుని విసిరే గ్రాబ్ ఉంది, గాల్లో ముందుకు కొట్టే ఫార్వర్డ్ ఎయిర్ పంజా ఉంది. ఈ మూవ్ సంపాదించే శాతాల్లో ఎక్కువ భాగం ఇట్ల వేరే మూవ్‌ల ఖాతాలోనే పడుతుంది. మాటిమాటికి నొక్కితే రెండు నష్టాలు: ఎదుటోడికి టైమింగ్ అలవాటవుతుంది, పైగా చివరి తొమ్మిది దెబ్బల జాబితాలో అదే మూవ్ పేరుకుపోయి బలం తగ్గుతుంది. అల్టిమేట్‌లో షీల్డ్‌కు తగిలిన దెబ్బ కూడా ఆ జాబితాలో చేరుతుంది.

మీ షీల్డ్‌లోంచి బయటపడటానికి దీన్ని వాడొద్దు. షీల్డ్ దించడానికే 11 ఫ్రేములు పోతాయి. ఎగిరితే ఆ ఎగురుడుకు 3 ఫ్రేములే, కానీ తర్వాత బాంబ్ ఆగి పడేంతలో ఎదుటోడు లేచి నిలబడతాడు. ఆ పనికి అప్ స్పెషల్ గిరగిరా తిరుగుడు ఉంది, 6వ ఫ్రేములో తగులుతుంది, షీల్డ్‌లోంచి నేరుగా వస్తుంది.

చేయి తప్పే చోట్లు మూడు. స్టిక్ నిలువుగా కాకుండా ఏటవాలుగా పోతే సైడ్ స్పెషల్ వస్తుంది, స్టేజ్ అంచు బయట అది వస్తే ప్రాణం మీదికే. స్టిక్ కన్నా ముందు బీ తగిలితే నోట్లోంచి నిప్పు. మూడోది బఫర్: అల్టిమేట్ మీ నొక్కుడును 9 ఫ్రేములు గుర్తుపెట్టుకుంటుంది, బటన్ పట్టుకునే ఉంటే ఇంకా ఎక్కువ. దెబ్బ తిని తిరుగుతున్నప్పుడు ఆగమాగంగా కిందికి, బీ నొక్కితే లేచీ లేవగానే అక్కర్లేని బాంబ్ బయటికొస్తుంది. ఒక్కసారి నొక్కి వదిలే అలవాటు చేసుకోవాలి. స్విచ్‌తో వచ్చే జాయ్‌కాన్ కంట్రోలర్ ఎడమ స్టిక్ దానంతటదే కదలడం మొదలైతే ఈ మూడు తప్పులూ రెట్టింపవుతాయి. ముందు కన్సోల్ సెట్టింగ్స్‌లో స్టిక్ కాలిబ్రేషన్ చేసి చూడండి, అయినా పోకపోతే ప్రో కంట్రోలర్‌కు మారడం మేలు.

గాల్లో ఇరుక్కున్నప్పుడు కిందికి రావడానికి దీన్ని నొక్కడం బౌసర్ ఆడేటోళ్లందరికీ పట్టే జబ్బు. బౌసర్ బరువు 135, ఆటలో అందరికన్నా ఎక్కువ. ఒళ్లు పెద్దది, కింద నుంచి వరసగా కొడుతుంటే ఊపిరి ఆడదు. అప్పుడు బాంబ్ దారిలా కనిపిస్తుంది. కింద ఉన్నోడు ఒక అడుగు వెనక్కేసి నిలబడితే చాలు, పడ్డ బౌసర్ వాడికి వడ్డించిన విస్తరే. దీనికన్నా అంచు వైపు జరగడం తెలివి. పడుతున్నప్పుడు అంచు దగ్గర్లో ఉంటే బౌసర్ దాన్ని పట్టుకుంటాడు. ఈ మూవ్‌లో షీల్డ్ తర్వాత రెండో గుణం ఇదే, అంచు మీదుగా నిలువునా దిగి పట్టుకుంటే బౌసర్ మామూలుగా దిగుతాడని కాచుకున్నోడి టైమింగ్ తప్పిపోతుంది. కాకపోతే అంచుకు దూరంగా ఉండి నొక్కితే తిరిగి రావడం లేదు. ఎత్తు పెరగదు, పక్కకు రాదు, తిన్నగా అడుక్కే. నేలమీద పడకుండా అంచు రెండోసారి పట్టుకుంటే మొదటిసారి వచ్చిన, కాసేపు దెబ్బ తగలని రక్షణ కూడా రాదు.

బ్యాటిల్‌ఫీల్డ్ లాంటి మూడు ప్లాట్‌ఫామ్‌ల స్టేజ్‌లో ఇంకో చిక్కు. పైనుంచి పడితే దారిలోని ప్లాట్‌ఫామ్ మీదే ఆగుతాడు, కింద ఉన్నోడికి ఏం కాదు. ప్లాట్‌ఫామ్ మీద షీల్డ్ పట్టినోడు కిందికి జారి తప్పించుకోవచ్చు కూడా. ప్లాట్‌ఫామ్‌లే లేని ఫైనల్ డెస్టినేషన్ స్టేజ్‌లో ఆ గొడవ లేదు, అక్కడ ఈ మూవ్ ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

నలుగురు కూడి ఐటెమ్‌లు పెట్టుకుని ఆడే ఆట వేరే లోకం. 1.2 రెట్లు ఉండదు, కానీ జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే మధ్యలోకి దూకే బౌసర్‌ను ఎవడూ చూడడు. అక్కడ స్టాక్‌కు ఒకటి అనే నియమం పక్కన పెట్టి బేఫికర్‌గా వాడండి.

ఆన్‌లైన్‌లో దీనికి కొంత లాభమే. ఆట ఇద్దరి నొక్కుడునూ కలిపి ఆలస్యం చేసి చూపిస్తుంది కాబట్టి ఎదుటోడు చూసి తప్పించుకునే టైం తగ్గుతుంది. మీ చేతికి కూడా అదే ఆలస్యం ఉంటుందని మరవొద్దు, అంచు పట్టే బాంబ్‌లు అక్కడే ఎక్కువగా తప్పిపోతాయి. వైఫై కన్నా వైరు నయం. స్విచ్ ఓలెడ్ మోడల్ డాక్‌కు (టీవీకి కలిపే పెట్టె) లాన్ పోర్ట్ ఉంది, మొదటి స్విచ్ డాక్‌కు యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొనాలి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయకుండా ఈ మూవ్ టైమింగ్ నేర్చుకోకండి, వేరే ఇంట్లో ఆడిన రోజు లెక్కంతా మారిపోతుంది.

ఇదే జాతి మూవ్‌లతో పోలిస్తే: యోషి బాంబ్ 1999 మొదటి ఆట నుంచే ఉంది, నేల తాకగానే రెండు పక్కలా నక్షత్రాలు ఎగిరి పక్కనున్నోడిని కొడతాయి, గురి కొంచెం తప్పినా చెల్లుతుంది. కిర్బీ రాయిగా మారి పడుతున్నప్పుడు మధ్యలో బీ నొక్కితే మళ్లీ మామూలుగా మారిపోతుంది. బౌసర్‌కు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. మొదలుపెడితే పడాల్సిందే. దానికి బదులుగా ఇచ్చిన షీల్డ్ పగలగొట్టే బలం మాకు సరిపోయింది. 10కి 7 వేస్తాం, అంచు వాడకం చేతికొచ్చినోడు 8 వేసుకోవచ్చు.

సాధన చేయాలంటే ట్రైనింగ్‌లో రెండో కంట్రోలర్ ఒకరి చేతికిచ్చి షీల్డ్ నొక్కి ఉంచమనండి. ముందు చిన్న ఎగురుడుతో నెత్తి మీదికి చేరి బాంబ్, తర్వాత నేల మీది నుంచి వంపు బాంబ్. రెండోదానికి ఎంత దూరంలో నిలబడితే ఒళ్లు సరిగ్గా నెత్తిన పడుతుందో నేల మీది గీతలు లెక్కపెట్టుకోండి. కంటికి ఆ దూరం అలవాటయ్యాక షీల్డ్ పట్టినోడిని కొంచెం ముందుకూ వెనక్కూ నడవమనండి. అక్కడ పదిలో ఆరు పగలగొట్టగలిగితే ఆటలోకి తీసుకెళ్లొచ్చు.